కరోల్ బాగ్ ఆపత్తులు

ఆ రోజుల్లో ఢిల్లీలో రైలు దిగిన తెలుగు కుర్రాణ్ణి ఎవరైనా ముందుగా అడిగే ప్రశ్న "హిందీ ఆతీ హై?" అని. "ఆతీ హై" అని జవాబివ్వడానికి కావలసినంత హిందీ మాత్రం మా అందరికీ వచ్చేది. అవతలివాళ్లు రెండో ప్రశ్న వేసినప్పుడే అసలు చిక్కు మొదలయ్యేది. నేనూ ఆ తరహా పండితుణ్ణే. తెనాలిలో చదువుకునే రోజుల్లో సాయంత్రాలు హిందీ మాస్టారి అరుగు మీద కూర్చుని మూడు పరీక్షలు ప్యాసయ్యాను. (ప్యాసవడమంటే ఆవు, దీపావళి, రైలు ప్రయాణం అనే మూడు వ్యాసాలను కామాలతో సహా బట్టీ పట్టి కాగితం మీద దించడం. నా హిందీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని మాస్టారు మురిసిపోయేవారు. ఆ అక్షరాల అర్థాలతో మాత్రం నాకు పరిచయం తక్కువ.) ఆ మూడు సర్టిఫికెట్లూ, బి.ఏ. పట్టా, ఒక ట్రంకు పెట్టె పట్టుకుని డెబ్బైల చివర్లో ఢిల్లీలో మా బాబాయి ఇంట్లో దిగాను. బాబాయి కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. రెండు గదుల సర్కారీ క్వార్టరులో ఆయన, పిన్ని, కాలేజీలో చదివే చెల్లాయి ఉండేవారు. చెల్లాయి ఢిల్లీలోనే పుట్టింది. మనం తెలుగులో ఏమన్నా అర్థం చేసుకునేది, జవాబు మాత్రం హిందీలో చెప్పేది. దాంతో ఆ ఇంట్లో జరిగే సంభాషణల్లో సగం నాకు అందేవి కావు. అయినా అందరితో పాటు నవ్వుతూ ఉండేవాణ్ణి.

బాబాయి ఎవరికో చెప్పి నాకొక ఇంటర్వ్యూ ఇప్పించాడు. రోడ్ల ప్లాన్లు గీసే ఒక ఆఫీసులో మూడు నెలల తాత్కాలికపు పని. పని బాగుంటే పొడిగిస్తారు, లేకపోతే తెనాలి వెళ్లి మా మేనమామ గారి బియ్యం మిల్లులో కూర్చోవాలి. (అక్కడ ఊక దుమ్ముకి నాకు తుమ్ములు వచ్చేవి. మా మామయ్యకి నేను నచ్చేవాణ్ణి కాను.) ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరు లక్నో వైపు మనిషి, సన్నగా, నిటారుగా ఉండేవాడు. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న పెన్సిలు ఆయన వేళ్ల మధ్య ఎప్పుడూ తిరుగుతూ ఉండేది కాబట్టి మనసులో ఆయనకి పెన్సిల్ సాబ్ అని పేరు పెట్టుకున్నాను. ఆయన నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగాడు. చాలా పొడుగైన ప్రశ్న. చివర్లో "కర్ సక్‌తే హో?" అన్నది మాత్రం వినిపించింది. "జీ హాఁ" అన్నాను. ఉద్యోగం వచ్చింది. గుమ్మం గుమ్మానికీ తిరిగి, జనంతో వాళ్ల యాసలో మాట్లాడి, వాళ్లు చెప్పినది తప్పుల్లేకుండా రాయగలవా అని అడిగాడని తరవాత ఎవరో చెప్పారు.

కరోల్ బాగ్ బజారు మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డును మార్చాలని అప్పుడు ఆలోచన. ఆ రోడ్డు మీద బస్సులు, టాంగాలు, సైకిళ్లు, ఆవులు, పెళ్లి బ్యాండు, ఫట్‌ఫటియాలు (పాత మోటారు సైకిలుకి వెనకాల బండి తగిలించి, ఏడెనిమిది మందిని ఎక్కించుకుని, పేరుకు తగ్గ చప్పుడుతో పోయే వాహనం) అన్నీ కలిసే నడిచేవి. రోడ్డు మధ్య పొడవునా ఇనప రెయిలింగు కట్టి, రెండు పక్కలా ఫుట్‌పాత్ వెడల్పు చేసి, టాంగాలను వెనక వీధికి పంపాలని మా ఆఫీసు ప్లాను. అంతకు ముందు ఎమర్జెన్సీలో కొన్నాళ్ల పాటు ఎవర్నీ అడక్కుండా బుల్‌డోజర్లు తిరిగిన ఊరది. అందుకని ఇకమీదట జనాన్ని అడగందే గునపం దించకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది. అడగడానికి మేం నలుగురం. బంగళాల వైపు వెళ్లే ఇద్దరికి ఇంగ్లీషు ఫారాలిచ్చారు. బజారు వైపు వెళ్లే మా ఇద్దరికి సైక్లోస్టైల్ చేసిన హిందీ ఫారాలు. వాటిలో పేరు, ఇల్లు, చేసే పని, ఆ కింద రెండు పెద్ద గళ్లు ఉన్నాయి. మొదటి గడి మీద 'ఆపత్తి' అనీ, రెండో గడి మీద 'సుఝావ్' అనీ రాసి ఉంది.

ఆపత్తి అన్న మాట చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. అది మన మాటే కదా. ఆపత్తు, ఆపద, ఆపత్కాలం. సుఝావ్ ఏమిటో తెలియలేదు గానీ, ఆపదల పక్కన ఉండేది వాటి నివారణే అయి ఉంటుందని తేల్చుకున్నాను. రోడ్డు వేసే ముందు అక్కడి మనుషుల కష్టాలు ఇంటింటికీ వెళ్లి కనుక్కుంటున్న ప్రభుత్వం మీద నాకు గౌరవం కూడా కలిగింది. (పక్కవాణ్ణి ఒక్క మాట అడిగితే సరిపోయేది. హిందీ బాగా వచ్చని ఉద్యోగంలో చేరినవాడు ఎలా అడుగుతాడు?)

మొదటి రోజు మొదటి దుకాణం రజాయిలది. చలికాలంలో కప్పుకునే దూది బొంతలు కుట్టి అమ్ముతారు. యజమాని లాలాజీ భారీ మనిషి. నేను ఫారం తీసి, రోడ్డు గురించి ఒక వాక్యం అప్పజెప్పి, "ఆప్‌కీ ఆపత్తి?" అని అడిగాను. ఆయన బట్ట కొలుస్తూ, తలెత్తకుండానే, తనకు ఏ ఆపత్తీ లేదన్నాడు. నేను నిర్ఘాంతపోయాను. ఏ కష్టమూ లేని మనిషిని అంతవరకూ నేను చూసి ఉండలేదు. అలాగే రాసుకుని పక్క రజాయి దుకాణానికి వెళ్లాను. వాళ్లదీ అదే మాట. ఆ పక్క దర్జీ, ఆ తరవాత మిఠాయి కొట్టు, అందరూ అదే మాట. ఢిల్లీ జనం ఇంత సుఖంగా ఉన్నారని నాన్నకి ఉత్తరం రాయాలనిపించింది. కానీ మిఠాయి కొట్టువాడి మొహంలో నాకా సుఖం కనిపించలేదు. పోనీ నేనే సరిగా అడగలేదేమో అనుకుని మళ్లీ లాలాజీ దగ్గరికి వెళ్లి, నాకు వచ్చిన మాటలన్నీ కూడగట్టుకున్నాను.

"లాలాజీ, సచ్ బోలియే. కోయీ దుఃఖ్ నహీఁ? కోయీ కష్ట్ నహీఁ?"

ఆయన గజం కర్ర పక్కన పెట్టాడు. "దుఃఖ్?" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. నన్ను ఒకసారి కింది నుంచి పై దాకా చూసి, స్టూలు జరిపి, టీ తెప్పించి, ముప్పావుగంట సేపు చెప్పాడు. అందులో సగం మాటలు నాకు తెలియలేదు, విషయం మాత్రం తెలిసింది. పక్క దుకాణం ఆయన తమ్ముడిదే. మధ్యలో గోడ లేచి ఆరేళ్లయింది. తమ్ముడు దగ్గితే ఇటు వినిపిస్తుంది గానీ, ఆరేళ్లుగా ఒక్క మాట లేదు. నేను నా ముత్యాల్లాంటి అక్షరాలతో ఆపత్తి గడిలో 'భాయీ బోల్తా నహీఁ' అని రాశాను. దీనికేం చెయ్యాలని అడిగితే ఆయన చేత్తో పైకి చూపించాడు. సుఝావ్ గడిలో 'భగవాన్ జానే' అని రాశాను. తరవాత పక్క దుకాణంలోకి వెళ్లి అదే ప్రశ్న మళ్లీ అడిగాను. అక్కడా టీ వచ్చింది. అరగంట తరవాత ఆ ఫారంలో కూడా 'భాయీ బోల్తా నహీఁ' అని రాసి బయటికొచ్చాను.

సర్కారు పంపిన మద్రాసీ కుర్రాడొకడు కూర్చుని కష్టాలు రాసుకుంటున్నాడని రెండు రోజుల్లో బజారంతా తెలిసిపోయింది. (తెనాలి మద్రాసులో లేదని చెప్పడం మొదటి వారంలోనే మానేశాను.) మూడో రోజు నుంచి నేను ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది, వాళ్లే పిలిచేవారు. ఫట్‌ఫటియా చప్పుడుకి తన గుర్రం బెదిరి, బండిలో జనం ఉండగానే వెనక్కి నడుస్తోందని టాంగావాలా చెప్పుకున్నాడు. మేడ మీద అద్దెకుంటున్నవాళ్లు తెల్లారగానే మసాలా దంచుతారని ఒక స్కూలు టీచరమ్మ వాపోయింది. రిటైరైన పోస్టుమాస్టరు గారికి మోకాళ్ల నొప్పులు. తన మెట్లకు అడ్డంగా స్కూటర్లు పెట్టేస్తారని, వాటిని చుట్టుకుని రోడ్డు దాటి డిస్పెన్సరీకి పోలేక, మందు తెప్పించుకునే దిక్కు లేక ఇంట్లోనే ఉంటున్నానని అన్నారు. ఆయనకు మాత్రం సుఝావ్ నేనే ఇచ్చాను, వావిలాకు కాపడం పెట్టుకోమని. అదీ రాశాను. గడి చాలక వెనక వైపు, అదీ చాలక తెల్ల కాగితం అతికించి రాస్తుండేవాణ్ణి. నాతో పాటు వచ్చిన రెండోవాడు రోజుకో కట్ట ఫారాలు నింపి, మధ్యాహ్నానికే మ్యాటినీకి పోయేవాడు. నాకు రోజుకు పది అయ్యేవి కావు. కానీ నా అంత లావు ఫారాలు ఆఫీసులో ఎవరివీ లేవు.

మిఠాయి కొట్టు పైన, బాల్కనీ ఉన్న ఒక గదిలో ఒక పెద్దావిడ ఉండేది. అందరూ మాతాజీ అనేవారు. నేను మెట్లెక్కి వెళ్లేసరికి ఆవిడ బాల్కనీలో నిలబడి ఎర్ర శాలువా ఒకటి జెండాలా ఊపుతోంది. రోడ్డుకు అవతలి మేడ మీద మరో ముసలావిడ చెయ్యి ఊపుతోంది. ఇద్దరూ సరిహద్దు అవతల ఒకే గల్లీలో పుట్టి, విభజనప్పుడు చెరో దారినా వచ్చి, చాలా ఏళ్లకు ఈ రోడ్డు మీదే మళ్లీ ఒకరికొకరు కనిపించారట. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఎవరో ఒకరు రోడ్డు దాటేవారు. కిందటేడు మాతాజీని ఫట్‌ఫటియా గుద్దింది. అప్పటి నుంచి దాటడం లేదు. అవతలావిడకి చూపు తక్కువ, అందుకని ఎర్ర శాలువా. మాతాజీ పంజాబీలో చెప్పినదాంట్లో నాకు అందినది ఇదీ:

"రెయిలింగు కట్టుకోండి బేటా, సర్కారు రోడ్డు, సర్కారు ఇనుము. నేను అటు పోను, అది ఇటు రాదు. ఇద్దరం ఢిల్లీలోనే ఉన్నాం. నా కష్టమంటే అదే, రాసుకో."

రాసుకున్నాను. ఆవిడ నెయ్యి కారుతున్న మూడు పరాఠాలు పెట్టి, అవి తినే దాకా ఫారం మీద వేలిముద్ర వెయ్యనంది.

శనివారం నాడు మొదటి విడత ఫారాలు ఆఫీసులో ఇచ్చేసి, ఆదివారం భోజనాల దగ్గర బాబాయికి నా పని గురించి గొప్పగా చెప్పాను. ఆయన మురిసిపోయి, ఏదీ ఒకటి చూపించమన్నాడు. ఇంకా ఇవ్వకుండా నా దగ్గర మిగిలిన ఫారాల్లోంచి టీచరమ్మది తీసిచ్చాను. బాబాయి కళ్లజోడు వెతుక్కునే లోపల చెల్లాయి అందుకుని చదివింది. చదువుతూ చదువుతూ కంచం పక్కకు తోసి, నవ్వలేక పొట్ట పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. పిన్ని కంగారుపడి మంచినీళ్లు ఇచ్చింది.

"భయ్యా, ఆపత్తి కా మత్‌లబ్ ఆబ్జెక్షన్ హోతా హై," అంది చెల్లాయి కళ్లు తుడుచుకుంటూ.

"అభ్యంతరం రా," అన్నాడు బాబాయి. ఆయన మొహంలో రంగు లేదు. "రోడ్డు ప్లాను మీద అభ్యంతరాలు, సలహాలు. వీళ్లింట్లో మసాలా ఎవరు దంచుతున్నారో నీకెందుకురా?"

పిన్ని మాత్రం, పోనీలెండి, పాపం పోయి మంచీ చెడ్డా కనుక్కున్నాడు, అది తప్పెలా అవుతుందంది. బాబాయి ఆ పూట మజ్జిగ పోసుకోలేదు. నన్ను ఉద్యోగంలో పెట్టించిన పెద్దమనిషికి సోమవారం తన మొహం ఎలా చూపించాలా అని ఆయన బెంగ. నా చెవుల్లో అప్పటికే బియ్యం మిల్లు తిరగడం మొదలైంది.

సోమవారం పెన్సిల్ సాబ్ పిలిచాడు. బల్ల మీద నా ఫారాలన్నీ పేర్చి ఉన్నాయి, పక్కనే మ్యాటినీ మిత్రుడి కట్ట. ఆయన కోప్పడలేదు. నా ఫారాల్లోంచి ఒకటి తీసి, కోర్టులో సాక్ష్యం చదివినట్టు, ఆపత్తి మోకాళ్ల నొప్పి, సుఝావ్ వావిలాకు, అని పైకి చదివాడు. వావిలాకు అంటే ఏమిటని అడిగాడు. అదొక ఆకు సార్, మా వైపు కాపడం పెడతారు అన్నాను. తల ఊపి పక్కన పెట్టాడు. తరవాత లాలాజీది, తమ్ముడిది తీసి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చాలా సేపు చూశాడు. గుర్రం వెనక్కి నడుస్తున్న ఫారం దగ్గర మాత్రం ఆయన మీసం కదిలినట్టు అనిపించింది. ఇక దాచి లాభం లేదని, ఇంగ్లీషులోనే, నాకు హిందీ రాదు సార్, ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పానని ఒప్పేసుకున్నాను.

"తెలుస్తూనే ఉంది," అన్నాడాయన కూడా ఇంగ్లీషులోనే. పెన్సిలుతో రెండో కట్ట మీద కొట్టాడు. "ఇతను తెచ్చిన ప్రతి ఫారంలోనూ అభ్యంతరం లేదు, అభ్యంతరం లేదు. వీటిని పెట్టుకుని ఆ రోడ్డు మీద నేను ఏం గీసినా చెల్లుతుంది. నీవి చదివాక ఒక్క గీత కూడా తిన్నగా పడటం లేదు. ఈ శాలువా ఆవిడ ఇల్లెక్కడ?"

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. మాతాజీ ఆయన పదవి ఏమిటని అడగలేదు. బక్కగా ఉన్నాడని పరాఠాలు పెట్టింది. (ఆయన్ని చూసి నాకు తృప్తిగా అనిపించింది. ఆయన కూడా మూడూ తినాల్సి వచ్చింది.) తిన్నాక బాల్కనీలో ప్లాను పరిచి నిలబడ్డాడు. సాయంత్రపు వేళ, కింద జనం. పాల డిపో అటువైపు, డిస్పెన్సరీ కూడా అటువైపే, బడి వదిలిన పిల్లలు ఇటువైపు. నా ఫారాలు ఒక్కొక్కటే తిరగేస్తూ, ఎవరి కష్టం ఎక్కడుందో ప్లాను మీద చుక్క పెట్టుకుంటూ పోయాడు. మసాలా, మోకాళ్లు, తమ్ముడు వంటివి పక్కన పెట్టగా మిగిలినవాటిలో చాలా చుక్కలు ఆ బాల్కనీకి అటూ ఇటూ వంద గజాల్లో పడ్డాయి. రోడ్డు దాటలేకపోవడం గురించి అందరూ ఏదో ఒక మూల చెప్పే ఉన్నారు. దాన్ని అభ్యంతరంగా చెప్పాలని ఎవరికీ తోచలేదంతే. ఆ తిన్నని రెయిలింగు ఆయన తన చేత్తో గీసుకున్నది. దాన్ని చూసుకుని ఒక నిట్టూర్పు విడిచి, మధ్యలో రబ్బరుతో కాస్త చెరిపి, ఆ ఖాళీలో దాటడానికి నీలం పెన్సిలుతో చారలు గీశాడు.

నా ఉద్యోగాన్ని పొడిగిస్తూ ఫైలులో ఆయన రాసిన నోటు తరవాత నా కంట పడింది. ఈ ఉద్యోగికి హిందీ రాదు, ఆరు నెలల్లో నేర్చుకునే షరతు మీద కొనసాగించవచ్చు, అని ఉంది. చెల్లాయి నాకు పాఠాలు మొదలుపెట్టింది. జీతంగా తనకు తెలుగు నేర్పమంది. ఆరు నెలలకు నేను ఫైళ్లు చదవగలిగాను. తను మాత్రం 'గోంగూర' దాటి ముందుకు పోలేదు.

మరుసటి ఏడు చలికాలానికి రెయిలింగు లేచింది, మధ్యలో దారితో సహా. సాయంత్రాలు ఒక పోలీసు కూడా నిలబడేవాడు. చూద్దామని వెళ్లాను. అన్నదమ్ములిద్దరూ ఇంకా మాట్లాడుకోవడం లేదు గానీ, నన్ను చూసి రెండు దుకాణాల నుంచీ టీలు వచ్చాయి, ఏదీ వదలడానికి వీల్లేకపోయింది. మాతాజీ గదిలో ఎర్ర శాలువా మడత పెట్టి ఉంది. మీ సహేలీ రోజూ వస్తున్నారా అని సంతోషంగా అడిగాను. మొదటి నెలంతా వచ్చిందట. తరవాత వడియాల పిండిలో ఇంగువ ఎంత వెయ్యాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు.

"ఇది కూడా రాసుకో," అంది మాతాజీ. "దాని ఇంటికి వెళ్లి అడుగు, అది ఏం చెబుతుందో అదీ రాసుకో."

రోడ్డు దాటి వెళ్లాను. ఆవిడా, ఇది రాసుకో, అనే అంది.

ఆ తరవాత పరీక్షలు రాసి, పర్మనెంటు అయి, ఎనభైలు సగం దాటేసరికి నేనే ఒక కుర్చీలో కూర్చున్నాను. హిందీ ఎంత బాగా వచ్చేసిందంటే, మా పిల్లలను తెలుగులో కోప్పడబోయి హిందీలో కోప్పడేవాణ్ణి. ఒకసారి దక్షిణ ఢిల్లీలో సాకేత్ వైపు ఒక రోడ్డు గురించి జనాభిప్రాయం కోసం హాల్లో మీటింగు పెట్టాం. మైకు, నీళ్ల గ్లాసులు, వరస నంబర్లు. ఒక్కొక్కరూ లేచి అభ్యంతరం చెప్పడం, నేను నోట్ చేసుకున్నామనడం, అంతా సజావుగా సాగుతోంది. ఇంతలో వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచి, మా కోడలు ఉంది చూశారూ, అని మొదలుపెట్టాడు. హాల్లో నవ్వులు. నేను ఒక్క తప్పు కూడా లేని హిందీలో, దయచేసి విషయానికి పరిమితం కండి అన్నాను. ఆయన ఎవరికో నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

మీటింగు అయ్యాక బయట టీ బండి దగ్గర ఆయన ఒక్కడే నిలబడి కనిపించాడు. కారు తలుపు తీసి పట్టుకున్న డ్రైవరును కాసేపు ఆగమని, వెళ్లి ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఇందాక కోడలి గురించి ఏదో చెప్పబోయారు, ఏమిటది అని అడిగాను. ఆయన నన్ను అనుమానంగా చూసి, గ్లాసు కింద పెట్టి, మొదలుపెట్టాడు. గంట సేపు చెప్పాడు. నేను చాలా జాగ్రత్తగా విన్నాను, ఇప్పుడైతే ప్రతి మాటా అర్థమవుతుంది కదా. అందులో రోడ్డు గురించి ఒక్క ముక్క కూడా లేదు. నేను రెండో టీ కూడా చెప్పాను.